నలభై ఒక్క పళ్ళ చక్రం

నన్ను స్ప్రాకెట్ అంటారు. ఉక్కు పలకను గుండ్రంగా కోసి, అంచున నలభై ఒక్క పళ్ళు తీర్చి, యమహా బాన్షీ అనే నాలుగు చక్రాల బండి వెనక ఇరుసుకి బోల్టులతో బిగించారు. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మిన బండి అది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. తెలుగువాళ్ళు రాజ్‌దూత్ 350గా ఎరిగిన బండి ఇంజనుదీ మా ఇంజనుదీ ఒకే వంశం, కాకపోతే దానికి గాలి చల్లదనం, మాకు నీళ్ళ చల్లదనం. నా చోటు కాలిఫోర్నియా దక్షిణపు కొసన ఉన్న ఇంపీరియల్ ఇసుక తిన్నెలు. బండ్లవాళ్ళు గ్లామిస్ అని పిలుచుకునే చోటు. అక్కడ ఓల్డ్స్‌మొబైల్ హిల్ లాంటి దిబ్బల మీదికి బండి ఎక్కకపోతే జనం ముందు ఇంజన్ని అనుమానిస్తారు, తర్వాత సైలెన్సర్ మారుస్తారు, ఆపైన కార్బురేటర్ విప్పుతారు. టైర్ల సంగతీ నా పళ్ళ సంగతీ చివరికి గానీ గుర్తు రావు. నా వాదన ఒక్కటే: మెత్తటి వాలు మీద గేరు పని బలాన్ని పెంచడం కాదు. టైరు ఏ వేగంతో తిరిగితే ఇసుక బండిని మోస్తుందో, ఆ వేగం దగ్గర ఇంజన్ని హుషారుగా ఉంచడం. అందుకే టైరు సంగతి తేలకుండా నన్ను మార్చడం దండగ.

ఈ మాట అర్థం కావాలంటే ముందు ఇసుకని చూడాలి. గాలి మోసుకొచ్చిన పొడి ఇసుక తిన్నె వెనక వైపు జారిపడి ఒక వాలు కడుతుంది. ఆ వాలు దాదాపు 33, 34 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుంది? అంతకు మించి నిటారుగా ఉంటే రేణువుకీ రేణువుకీ మధ్య ఉన్న రాపిడి చాలదు, పై పొర జారిపోతుంది. అంటే ఆ వాలు తన బలం మొత్తాన్నీ తనను తాను నిలబెట్టుకోవడానికే ఖర్చు పెట్టేసింది. ఇంకెవరికీ ఊతమిచ్చే మిగులు దాని దగ్గర లేదు. అలాంటి చోట బండి మెల్లగా, పట్టు చూసుకుంటూ పాకుదామంటే కుదరదు. వాలు వెంట బండిని కిందికి లాగే బలం దాని బరువులో సగం పైచిలుకు ఉంటుంది. టైరు ఆ బలాన్ని తిరిగి ఇసుక మీదే మోపాలి. మోపిన మరుక్షణం ఇసుక కిందికి కదులుతుంది, చక్రం ఆ గోతిలో కూర్చుంటుంది. రాతి మీద, తారు మీద రబ్బరు పట్టుకుంటుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఎదురుగా గట్టిదేదీ లేదు.

మరి బండ్లు ఎక్కుతున్నాయిగా, ఎలా? ఇసుకని వెనక్కి విసిరి ఎక్కుతున్నాయి. దిబ్బల బండి వెనక టైరు చూస్తే మామూలు బటన్లు ఉండవు. నున్నటి రబ్బరు మీద అడ్డంగా ఎనిమిదో పదో తెడ్లు లేచి ఉంటాయి, ఒక్కొక్కటీ అంగుళానికి అటూ ఇటూ ఎత్తు. తెడ్డు కిందికి దిగేటప్పుడు ఇసుకలోకి అడ్డంగా గుచ్చుకుంటుంది, తన ముందున్న రేణువుల ముద్దని కూడగట్టుకుంటుంది, ఆ ముద్ద జారిపోయేలోగా వెనక్కి నెట్టి పైకి లేస్తుంది. లేచేసరికి దాని ఒళ్ళో ఇసుక ఉండదు. పక్క తెడ్డు అప్పటికే తాజా ఇసుకలో దిగి ఉంటుంది. బండి ముందుకు కదిలేది ఆ విసురుకి ఎదురుదెబ్బగా. ఎంత ఇసుక విసిరామో, అది బండి కంటే ఎంత ఎక్కువ వేగంతో వెనక్కి పోయిందో, ఆ రెండిటి మీదే నెట్టుడు ఆధారపడుతుంది. చక్రం బండి కంటే వేగంగా తిరగాల్సిందే. కొంత జారడం ఇక్కడ లోపం కాదు, పనిలో భాగం. ఎంత జారాలి అన్నదే లెక్క. తెడ్డు టైరుకి ఒక దిక్కు ఉంటుందనీ, తిరగేసి బిగిస్తే ఇసుకని కూడగట్టకుండా పక్కలకి చిమ్మేస్తుందనీ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ పొరపాటుకి తిట్లు తినేది నేనూ, నా చైనూ.

టైరుకి పెద్దపీట వేస్తున్నానంటే సాక్ష్యం ఉంది. హోండా 1970లో అమెరికాలో మూడు చక్రాల బండి ఒకటి దింపింది. దాని ఇంజన్ 89 సీసీ, శక్తి ఏడు హార్స్ పవర్. ఆ కాస్త ఇంజను ఇసుకలో, మంచులో, బురదలో తిరగగలిగిందంటే కారణం గేర్లు కాదు, 22 అంగుళాల బెలూన్ టైర్లు, వాటిలో చాలా తక్కువ గాలి. మెత్తటి నేల మీద బరువైన వాహనాల నడకని శాస్త్రంగా మలిచిన పోలండ్ ఇంజనీరు బెకర్ 1956లో ప్రచురించిన పుస్తకంలోనూ సారం ఇదే. చక్రం నేలని ఎంత తక్కువ ఒత్తిడితో తాకితే అంత తక్కువ దిగుతుంది, దిగడం తగ్గితే ముందున్న మట్టిని దున్నుకుంటూ పోయే శ్రమ తగ్గుతుంది. నేలకి ఆనే పాదం వైశాల్యం ఒకటే అయిన రెండు టైర్లలో వెడల్పాటి పాదం కంటే పొడవాటి పాదమే మేలని కూడా ఆయన లెక్కలు చెప్పాయి. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదికి వెళ్ళిన రోవర్ రూపకల్పనలో ఆయన చెయ్యి ఉంది. ఆ చక్రాలకి రబ్బరే లేదు. ఉక్కు తీగతో అల్లిన జల్లెడ లాంటి చక్రం, దాని మీద టైటానియం పట్టీలు. బరువు పడితే వంగి పాదం పొడుగు చేసుకునేది. మన టైరులో గాలి దించితే జరిగేదీ అదే. మూడు నాలుగు పౌండ్ల దగ్గర పాదం వెడల్పు కంటే పొడవే ఎక్కువ పెరుగుతుంది. ఇంకా దించితే మలుపులో టైరు అంచు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది కాబట్టి దానికో హద్దుంది. రూపాయి ఖర్చు లేని మార్పు ఇది. ముందు ఇది చేసి చూడకుండా నా బోల్టుల మీద పానా పెట్టకండి.

టైరు మారిందంటే గేరు కూడా మారిపోయినట్టే. ఎవరూ చెయ్యి పెట్టకుండానే మారిపోతుంది. బాన్షీలో ఇంజను వైపున్న ముందు పళ్ళ చక్రానికి 14 పళ్ళు, నాకు 41. అది 14 సార్లు తిరిగితే నేను తిరిగేది దాదాపు అయిదుసార్లే. నిష్పత్తి 2.93. ఇప్పుడు 20 అంగుళాల టైరు తీసి 22 అంగుళాలది వేశారనుకోండి. చుట్టుకొలత పదో వంతు పెరిగింది, బండి ఒక్కో చుట్టుకి అంత ఎక్కువ దూరం పోతుంది. కానీ అదే ఇంజను వేగానికి టైరు నేలని నెట్టే బలం దాదాపు అంత తగ్గినట్టే లెక్క. నిష్పత్తి 2.66కి పడిపోయినట్టు. మునుపటి తీరు తిరిగి రావాలంటే నా స్థానంలో 45 పళ్ళ చక్రం కావాలి. ముందు వైపు ఒక పన్ను తగ్గించి 13 వేస్తే నిష్పత్తి 3.15, అంటే దాదాపు ఎనిమిది శాతం మార్పు. అదే మార్పు వెనక వైపు కావాలంటే మూడు పళ్ళు పెంచి 44 వేయాలి. ముందు ఒకటి, వెనక మూడు అని మెకానిక్కులు నోటిలెక్కగా చెప్పేది దీన్నే. ఇందులో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. బటన్ల టైరు తీసి అంతే ఎత్తున్న తెడ్డు టైరు వేసినా గేరు తేడా కొడుతుంది. తెడ్డు తక్కువ జారుతుంది. అదే బండి వేగానికి చక్రం మునుపటి కంటే నెమ్మదిగా తిరుగుతుంది, దాంతో ఇంజను వేగం పడిపోతుంది. ఈ ఇంజను నిమిషానికి దాదాపు 6,000 చుట్లు దాటితే గానీ మేలుకోదు. కొత్త టైరుతో బండి మందగించిందని విసుక్కునే చాలా సందర్భాల్లో టైరు బాగానే ఉంటుంది. నాకే ఇంకో రెండు మూడు పళ్ళు కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, బలమైనదే. కొండ ఎక్కడానికి ఎప్పుడైనా చిన్న గేరు వేయాలని ఘాట్ రోడ్డు మీద లారీ నడిపిన ఎవరైనా చెబుతారు, పొలంలో ట్రాక్టరు నడిపినవాళ్ళూ చెబుతారు. నిజమే, వాళ్ళ నేల మీద. గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరు చూడండి. రబ్బరు టైరుకి బదులో, దాని పక్కనో ఇనప దమ్ము చక్రాలు బిగిస్తారు. చిన్న గేరులో నింపాదిగా పోతుంది, దిగబడదు. ఎందుకంటే తడి బంకమట్టి బలం దాని జిగురులో ఉంది, కింద ఏటేటా దున్నుడుతో గట్టిపడిన పొర ఒకటి ఉంది. ఇనప రెక్కలు పై బురద కోసుకుని ఆ పొర మీద కాలూనుతాయి. బంకమట్టి కొండలకీ ఇదే నీతి: దూరం దూరంగా లోతైన బటన్లున్న టైరు, మట్టి అంటుకోకుండా రాలిపోయేంత ఎడం, చిన్న గేరు. పొడి ఇసుకలో జిగురు లేదు. ఎంత లోతుకి తవ్వినా కాలూనడానికి గట్టి పొర తగలదు, మళ్ళీ ఇసుకే. అక్కడ మొదటి గేరులో బలం దండిగా దొరుకుతుంది గానీ, ఆ బలాన్ని తీసుకునే శక్తి ఇసుకకి లేదు. పైగా ఇంజను వేగం చప్పున హద్దు తాకుతుంది, గేరు మార్చక తప్పదు, మార్చడానికి క్లచ్ పట్టగానే ఇసుక బండిని చెయ్యి పట్టుకుని ఆపినట్టు ఆపేస్తుంది. చదును రోడ్డు మీద అర సెకను క్లచ్ లెక్కలోకి రాదు, ఇసుక వాలు మీద ఆ అర సెకనే ఎక్కడమా జారడమా తేల్చేస్తుంది. అందుకే దిబ్బ మొత్తం ఒకే గేరులో, కాదంటే రెండిట్లో అయిపోయేలా నా పళ్ళు ఎంచుకోవాలి.

ఇంకొందరు అంటారు, అదంతా ఎందుకు, దూరం నుంచి ఊపు తీసుకొస్తే చాలదా అని. లెక్క వేద్దాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి, ఇసుక ఏ మాత్రం లాగకపోయినా, ఊపుతోనే ఎక్కగలిగే ఎత్తు సుమారు 14 మీటర్లు. 80తో వస్తే 25. గ్లామిస్‌లో పెద్ద తిన్నెలు 90 మీటర్ల దాకా ఉన్నాయి. ఊపు ఆరంభం మాత్రమే, మిగతాది చక్రం చేయాలి. బండీ మనిషీ కలిపి 260 కిలోలనుకుందాం. 33 డిగ్రీల వాలు మీద గంటకి 40 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే భూమి ఆకర్షణని జయించడానికే 20 హార్స్ పవర్ పైచిలుకు కావాలి. ఇసుకని విసరడానికీ, దున్నడానికీ అయ్యేది వేరే. ఈ శక్తి ఇంజనులో ఉంది, కానీ దాని చుట్లన్నిటా లేదు, ఒక ఇరుకు మేరలోనే ఉంది. వాలు మధ్యలో వేగం కొద్దిగా తగ్గగానే ఇంజను ఆ మేర దిగిపోతే శక్తి ఇంకా తగ్గుతుంది, వేగం ఇంకా పడుతుంది, అంతే. నా మీద మరీ తక్కువ పళ్ళు పెట్టి, పెద్ద వేగం ఆశించినవాళ్ళకి జరిగేది ఇదే. కాబట్టి వేగం కావాలన్నానని 38 పళ్ళకి పరుగెత్తకండి. చక్రానికి కావాల్సిన వేగం దగ్గర ఇంజను తన పై మేరలో ఉండాలి, అందులోనూ కొంచెం పై అంచున, పడితే నిలదొక్కుకునే చోటు ఉండేలా. బెల్టుతో నడిచే ఆటోమేటిక్ బండ్లలో పళ్ళు ఉండవు, క్లచ్ లోపలి బరువులూ స్ప్రింగులూ ఉంటాయి. పెద్ద టైర్లు వేసి వాటిని ముట్టుకోకపోతే బెల్టు జారి వేడెక్కి కాలుతుంది. యంత్రం వేరైనా లెక్క ఇదే.

వేగంగా ఎక్కడం ప్రమాదం కదా అన్న మాటని మాత్రం నేను తోసెయ్యను. తిన్నె అవతలి వైపు ఏముందో ఇవతలి నుంచి కనబడదు, గాలి రాత్రికి రాత్రే అంచుని కోసి నిలువు చేసి ఉండవచ్చు. అందుకే అక్కడ ప్రతి బండికీ నేల నుంచి 8 అడుగుల ఎత్తుకి చేరే జెండా కర్ర తప్పనిసరి. కానీ నిదానం పేరుతో సగం వాలులో ఆగిపోయి, ఏటవాలుగా తిప్పబోయి దొర్లడం కూడా ప్రమాదమే. సరైన టైరూ, సరైన పళ్ళూ ఉన్న బండి పై అంచుకి చేరేసరికి చేతిలో ఇంకా శక్తి మిగిలి ఉంటుంది, కాబట్టి అక్కడ యాక్సిలరేటర్ వదిలి, అంచు మీదికి నెమ్మదిగా వచ్చి చూసుకోవచ్చు. శక్తి చాలని బండే అంచు దాకా ఒళ్ళు తెలియకుండా పరుగెత్తాల్సి వస్తుంది.

చివరిగా నా ఒంటి సంగతి. చైను లింకు వచ్చి నా పన్ను మొదట్లో కూర్చుంటుంది, సగం చుట్టు నాతో తిరిగి, లేచిపోతుంది. లేచేటప్పుడు చిన్న రాపిడి. ఆ సందులో ఇసుక దూరితే అది సానరాయి పని చేస్తుంది. చైను సాగుతుంది, నా పళ్ళు ఒక వైపు అరిగి కొక్కేల్లా వంగుతాయి. ముందు వైపు పన్ను తగ్గించడం చౌక కాబట్టి అందరూ అటే మొగ్గుతారు. కానీ 12 పళ్ళ చిన్న చక్రం చుట్టూ చైను మరీ గట్టిగా వంగాలి, అరుగుదల పెరుగుతుంది. వీలుంటే మార్పు నా వైపు చేయండి. పళ్ళు పెంచితే చైను పొడవు చూసుకోండి, రెండు లింకులు కలపాల్సి రావచ్చు. ఇసుకలో నడిచే చైనుకి జిగట నూనె పట్టించకండి, రేణువుల్ని అదే పిలిచి కూర్చోబెడుతుంది. నన్ను తీసే రోజు వచ్చినప్పుడు నన్నొక్కదాన్నే మార్చకండి. పాత చైను కొత్త పళ్ళని ఒక్క సీజన్లో తినేస్తుంది. ముందు పళ్ళ చక్రం, వెనక పళ్ళ చక్రం, చైను, మూడూ కలిపి ఒకేసారి మార్చండి.