బియ్యపు గింజంత తెలుపు

ఎవరు గీశారన్నది తేలదు. తేలదని మీకూ తెలుసు. సెల్లారులో ఉన్న ఒక్క సీసీ కెమెరా సరిగ్గా మన స్తంభాన్ని వదిలేసి మిగతా ప్రపంచాన్నంతా చూస్తుంటుంది. వాచ్‌మన్ ఆ టైముకి మోటరు వెయ్యడానికి వెళ్ళి ఉంటాడు. కాబట్టి నేర పరిశోధన మానేసి వైద్యానికి వద్దాం.

వెనక డోరు మీద, హ్యాండిల్ కింద, రెండు గీతలు. వాటి చివర బియ్యపు గింజంత మేర పెచ్చు లేచింది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే అంత చోటికే రంగు వెయ్యరట. "ప్యానెల్ మొత్తం వెయ్యాలి సార్. ఇన్సూరెన్సు ఉందిగా?" ఉంది. కానీ క్లెయిము చెయ్యని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, అయిదేళ్ళు ఓర్చుకుంటే 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ అనేది కూడా ఉంది. గింజ కోసం గాదె వదులుకోవడం ఎందుకని ఇంటికొచ్చేశాను.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి మొదటి పరీక్ష గోరు. గీతకి అడ్డంగా గోరు జారిస్తే తగలకుండా పోయిందా, దెబ్బ పైనున్న క్లియర్ కోటు వరకే. రబ్బింగ్ కాంపౌండుతో పోతుంది. గోరు పట్టుకుందా, లోపలి రంగు దాకా దిగినట్టు. లక్షలు పోసి కొన్న కారుకి ప్రైమరు, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే దానికి సగం ఎక్కువ. ఈ సంగతి అపార్ట్‌మెంటులో ఎవరికీ తెలీదు. పరామర్శకొచ్చిన ప్రతివాడూ తన గోరు పెట్టి చూశాడు. గీత లోతు పెరిగిందేమోనని నా అనుమానం.

"టూత్‌పేస్టు రాయండి" అన్నారు కొందరు. అది కొంచెం అరగదీస్తుంది కనక పైపై గీతలు తగ్గే మాట నిజమే. పెచ్చులేచిన చోట మాత్రం పుదీనా వాసన వస్తుంది.

ఇక రంగు. తెలుపు కారు కదా, తెల్ల రంగు తెచ్చుకుంటే సరిపోదా? సరిపోదు. ఒక కంపెనీది ఆర్కిటిక్ తెలుపు, ఇంకొకరిది పోలార్ తెలుపు. మే నెలలో రెంటచింతల ఎండకి బానెట్టు మీద అట్టు పోసుకునే మనకి రెండూ ఉత్తర ధ్రువం నుంచే రావాలి. మంచుతో విసిగినవాళ్ళు క్యాండీ వైట్ అన్నారు, పంచదార పాకం పోసినట్టు. ఇంకొకరు ఏకంగా సూపర్ వైట్ అని చేతులు దులుపుకున్నారు. కొన్నిటికి ముత్యపు మెరుపు కూడా. అందులో అభ్రకం పొడి ఉంటుంది, కింద ఒక తెలుపు, పైన ఒక మెరుపు, ఆపైన క్లియర్. చిన్నప్పుడు సంక్రాంతికి గోడలకి సున్నం కొట్టేటప్పుడు అందులో చిటికెడు నీలిమందు కలిపేవారు. బకెట్టు బకెట్టుకీ చిటికెడు మారేది, గోడ గోడకీ తెలుపు మారేది, ఒక్క చుట్టమైనా "ఇది ఏ కోడు సున్నమండీ?" అని అడగలేదు. ఇప్పుడు కోడు కావాలి. అది డోరు తీస్తే స్తంభం మీదో, బానెట్టు కిందో స్టిక్కరు మీద ఉంటుంది. చదవాలంటే మోకాళ్ళు, కళ్ళజోడు, టార్చి మూడూ ఒకేసారి పనిచెయ్యాలి. నాకు ఏవో రెండు పనిచేస్తాయి.

కోడు చెప్పి తెప్పించిన సీసా మూతకి బ్రష్షుంది. ఆ బ్రష్షు మా గింజకంటే లావు. అందుకని శుభ్రంగా కడిగి, ఆల్కహాలుతో తుడిచి, టూత్‌పిక్ మొనతో రంగు తీసి అద్దాను. పెచ్చు మధ్యలో తాకగానే చుక్క తనంతట తనే అంచుల దాకా పాకి ఆగింది. చూడముచ్చటగా ఉంది. ఆరేసరికి కుంగి గుంటయింది. మళ్ళీ అద్దాలి, మళ్ళీ ఆరాలి. ఆరే వేళకి వీధిలో కేబులు కోసం రోడ్డు తవ్వుతారు. ఆ దుమ్ములోనూ దారి తప్పకుండా ఒక దోమ వచ్చి సరిగ్గా చుక్క మీదే వాలుతుంది. పైకి ఉబ్బేదాకా అద్ది, బాగా గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపరు తడిపి, మెల్లగా రుద్ది, కాంపౌండు పట్టించాను. గోరు తగల్లేదు.

అయినా గింజ తెలుస్తోంది. కోడు తప్పు కాదు. సీసాలో ఉన్నది కారు ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి తెలుపు. డోరు అప్పట్నుంచీ ఎండలో, వానలో నిలబడింది. పక్కన కొత్తది పెడితేగాని ఎంత పాతబడిందో నాకు తెలియలేదు. ఆ తెలుపున్న రోజు నాన్న ఈ డోరుకే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తనే వంగి సర్దారు. ఇప్పుడు ఎక్కేటప్పుడు ఈ హ్యాండిలే పట్టుకుని కాసేపు నిలబడతారు. "తొందరేం లేదు నాన్నా" అంటాను, గడియారం చూసుకుంటూనే.

మా ఆవిడ మాత్రం ఒక చూపు చూసి "ఇంతకుముందు ఇంత కనపడేది కాదేమోనండీ" అంది.

సీసా నిండుగానే ఉంది. మూడో అంతస్తు ఆయన "మిగిలింది ఇస్తారా, మా బంపరుకి కావాలి" అన్నాడు. ఆయనది సిల్వర్ కారు. ఆ మాటే అన్నాను.

"పర్లేదండీ, పల్చగా వేస్తాను."

ఇచ్చేశాను.