చల్లటి డ్రమ్ము, వేడి అంకె

వాల్వు మార్పించింది నేనే. నిక్షేపంలాంటి వాల్వు, అదీ పసుపు ఉడికించే సీజన్ నడుమ, నిజామాబాద్ దాకా మనిషిని పంపి మరీ.

2025 సంక్రాంతినాడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఆ సీజన్‌లోనే నందిపేట్‌లో మా కాక బాయిలర్‌కు ఉష్ణోగ్రతలు కొలిచే డబ్బా చేసిస్తానని బయల్దేరాను. డ్రమ్ముకో థర్మిస్టర్, వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ అన్నిటికీ కలిపి ఒకటే, మధ్యలో 4067 మల్టీప్లెక్సర్. అది 16 తీగల్లో ఒక్కోసారి ఒక్కదాన్నే ఏడీసీకి కలుపుతుంది. డ్రైవరూ నేనే రాశాను: చానల్ మార్చు, 1 మిల్లీసెకను ఆగు, చదువు. చానల్ మారడానికి పట్టే సమయం డేటాషీట్‌లో నానోసెకన్లలో ఉంది. దానిముందు మిల్లీసెకను ధారాళం అనుకున్నాను.

మోటారు నడిచినప్పుడల్లా అంకెలు గెంతుతుంటే మల్టీప్లెక్సర్‌కూ ఏడీసీకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతికించాను. అంకెలు కుదురుకున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక అక్కణ్నుంచి, మొదటి డ్రమ్ము 98 డిగ్రీల దగ్గర కుతకుతలాడుతుంటే, అప్పుడే పచ్చి కొమ్ములు పోసిన రెండోది 34 చూపించేది. 30 ఉండాల్సింది.

"ఆవిరి లీకవుతోంది కాకా."

"ఏడ లీకురా? చెయ్యి పెట్టి సూడు, సల్లగనే ఉన్నది."

చెయ్యి పెట్టలేదు. ఫోన్‌లో గ్రాఫ్ చూపించాను. రౌండు తర్వాత రౌండు సగటు తీసిన గీత, ఎంత నున్నగా ఉందో! ప్రతి రౌండులోనూ అదే తప్పు ఉంటే సగటు మాత్రం ఏం చేస్తుంది?

కొత్త వాల్వు బిగించాకా 34 డిగ్రీలే.

చివరికి ఒకే చానల్‌ను వరుసగా రెండుసార్లు చదివి చూశాను. రెండోసారి అంకె పడిపోయింది. అప్పుడు వేశాను లెక్క. చల్లగా ఉన్న థర్మిస్టర్ 8 కిలోఓమ్‌లు, దాని మీది రెసిస్టర్ 10. కెపాసిటర్‌కు అవి రెండూ సమాంతరంగా కనిపిస్తాయి గనక సుమారు 4.5. దాన్ని 0.1 మైక్రోఫారడ్‌తో గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ 0.45 మిల్లీసెకను. 12 బిట్ల ఏడీసీలో అరమెట్టు లోపలికి రావాలంటే అలాంటివి 9 కావాలి, అంటే 4 మిల్లీసెకన్లు. నేనిచ్చింది ఒకటి. పక్క డ్రమ్ము వోల్టేజీతో ఉన్న తేడాలో పదో వంతు ఇంకా కెపాసిటర్‌లోనే ఉండిపోయేది. వేడెక్కిన థర్మిస్టర్ నిరోధం ఒక కిలోఓమ్‌కు దిగుతుంది, దానికి ఆ మిల్లీసెకను చాలు. అందుకే ఉడికే డ్రమ్ము ఎప్పుడూ నిజమే చెప్పేది. నన్ను ముంచిందీ అదే.

లైనక్స్‌లో ఏడీఎస్1015 అనే ఏడీసీ చిప్‌కు డ్రైవర్ ఉంది. చానల్ మారితే పాత కన్వర్షన్ సమయం, కొత్తదాని సమయం కలిపి, చిప్ లోపలి గడియారాన్ని నమ్మక ఇంకో 10 శాతం ఆగుతుంది. ఆ కోడ్ అంతకుముందే చదివాను. రాసినవాళ్లకు మరీ పిరికితనం అనుకున్నాను.

కెపాసిటర్‌ను పీకేసి, మల్టీప్లెక్సర్‌కు ముందు చానల్‌కొకటి పెట్టాను. మొదటి రీడింగ్ పారేసి రెండోది తీసుకుంటున్నాను.

కాక దగ్గర టైమ్ కాన్‌స్టంట్ మాట ఎత్తలేదు. తప్పు డబ్బాదేనన్నాను. డబ్బా చేసిందెవడని ఆయన అడగలేదు.

"పాత వాల్వు ఏడున్నది?" అన్నాడు.

పాత ఇనుము బండికి అప్పటికే వేసేశాను.