ఆరు ముడుల తాడు

పెళ్లికి మూడు ముళ్లు చాలు. నాకు ఆరు వేశారు.

గోగునార తాడుని నేను. కబడ్డీ బరి కొలవడానికి డ్రిల్లు మాస్టారు దగ్గరుండి పేనించుకున్నారు. ఒక మీటరు దగ్గర మొదటి ముడి, అది లాబీ. 3.75 దగ్గర బాక్ లైను, 4.75 దగ్గర బోనస్ గీత, 6.5 దగ్గర సగం బరి, 10 దగ్గర వెడల్పు, 13 దగ్గర పొడవు. ఆడపిల్లల బరి 12కి 8 కాబట్టి ఆ కొలతలకు ఎర్రగుడ్డ పేలికలు కట్టారు. మంచుకు తడిస్తే కుదించుకుపోతాను. అందుకని సంక్రాంతి పొద్దున్నే నన్ను పొయ్యి దగ్గర ఆరబెట్టి గానీ చెరువు గట్టుకు తీసుకెళ్లరాయన. బెత్తెడు తేడా వస్తే ముగ్గుపిండి గీత చెరిపి మళ్లీ పోస్తారు.

కొలతలో అంత పట్టింపున్న మనిషి మాట దగ్గర మాత్రం పిసినారి. పొరుగూరి జట్లు వస్తే టాస్ వేసేవారు, ఈల ఊదేవారు. ఇక్కడ రూళ్లేమిటో చెప్పేవారు కాదు. "తెలుసుకుని రావడం కోచ్ పని. నేను చెప్పానా, వాళ్లకి సాయం చేశానంటారు మనవాళ్లు" అనేవారు. అందులో అబద్ధం లేదు. మా ఊళ్లో అంపైర్ మంచినీళ్లు ఇచ్చినా ఎవరికి ముందు ఇచ్చాడో లెక్క చూస్తారు.

2023 సంక్రాంతికి పట్నం నుంచి ఒక జట్టు వచ్చింది. కోచ్ కుర్రాడే. పిల్లల్ని మ్యాట్ మీద, ప్రో కబడ్డీ పద్ధతిలో తయారుచేశాడు. ఆట సగం దాటాక మా ఊరివాడు కూతకు వెళ్లాడు. ఎవర్నీ ముట్టకుండానే కాలు జారి లాబీలో పడ్డాడు. అవతలి ముగ్గురు వెంటపడి అక్కడే వాణ్ని పట్టేసి చంకలు గుద్దుకున్నారు. మాస్టారు ఈల వేసి నలుగురూ అవుటన్నారు.

లాబీ అంటే బరికి రెండు పక్కలా ఉండే మీటరు పట్టీ. కూతగాడికీ పట్టేవాళ్లకీ ఒళ్లు తగిలాకే అది బరిలో కలుస్తుంది. తగలకుండా కూతగాడు అందులోకి వెళితే అవుటు. తేడా ఆ తర్వాతి సంగతిలో ఉంది. పాత రూలులో వెంట వెళ్లినవాళ్లూ అవుటే. ప్రో కబడ్డీ లీగులో మార్చిన రూలులో కూతగాడొక్కడే అవుటు, వెంట వెళ్లినవాళ్లకు ఏమీ కాదు. మా గట్టు మీద పాత రూలే కాబట్టి మాకు మూడు పాయింట్లు, వాళ్లకు ఒకటి.

"ముందు ఒక్క మాట చెప్పుండాల్సింది మాస్టారూ!"

"మీరు ఒక్క మాట అడగాల్సింది."

ఆ కుర్రాడు ఇంకేమీ అనలేదు. ఓడి, చెయ్యి కలిపి, వ్యాన్ ఎక్కాడు. మా ఊళ్లో డప్పులు మోగాయి. అతను మోసపోలేదు, మాస్టారు తప్పు చెప్పలేదు. అయినా ఆ రాత్రి చిలక్కొయ్యకు వేలాడుతూ నేను ఆలోచించింది నా మొదటి ముడి గురించే. దాన్ని పొడుగు చూసి వేశారు. అది ఎప్పుడు గోడో ఎప్పుడు గుమ్మమో నా ఒంటిమీద ఎక్కడా లేదు.

ఆ ఏడే అక్టోబరు 7న మాస్టారు టీవీ ముందు కూర్చున్నారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్, భారత్‌కూ ఇరాన్‌కూ. అంతకుముందు 2018లో జకార్తా సెమీస్‌లో మనల్ని ఓడించింది ఇరానే. ఇంకో నిమిషం చిల్లర ఉందనగా స్కోరు 28-28. పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లి, ఎవర్నీ ముట్టకుండా లాబీలో అడుగు పెట్టాడు. ఇరాన్ వాళ్లు వెంటపడ్డారు. మాస్టారు కుర్చీలోంచి లేచారు.

అక్కడ మా చెరువు గట్టే కనిపించింది నాకు. భారత్ పాత రూలు అంది, ఇరాన్ కొత్త రూలు అంది. రిఫరీలు ఒకటి చెప్పి, మార్చి, మళ్లీ మార్చారు. ఆటగాళ్లు మ్యాట్ మీదే బైఠాయించారు. దాదాపు గంట ఆట ఆగింది. చివరికి 33-29తో బంగారం మనకొచ్చింది. విచిత్రమేమిటంటే ఇరాన్ వాళ్లు పట్టుకున్న ఆ కొత్త రూలు మన లీగుదే. ఫజల్ అత్రాచలీ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడే ఆడారు మరి. మనం నేర్పిన పాఠమే మనకు అప్పజెప్పారు. అదే నెల లీగు వేలంలో తెలుగు టైటాన్స్ పవన్‌ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొనుక్కుంది. ఆ సంబరం మా ఇంట్లో లేదు. ఫైనల్ అవగానే మాస్టారు టీవీ కట్టేసి, నన్ను కొయ్య మీంచి తీసి, మొదటి ముడిని వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు.

కూత నడుస్తుండగా గట్టు మీది కోచ్‌కి అంపైర్ రూళ్లు విప్పి చెబుతుంటే అది ఆట కాదు, పంచాయితీ. టాస్‌కు ముందు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఒకే గొంతుతో చెబితే సాయమెవరికి? నాకైతే మొదట్నుంచీ అంతే అనిపించేది. తాడు మాట ఎవరు వింటారు.

2024 సంక్రాంతికి అదే కుర్రాడు జట్టుతో వచ్చాడు. గీతలు పోశాక మాస్టారు అతన్నీ మా ఊరి కెప్టెన్‌నీ లాబీ దగ్గరకు పిలిచారు. నన్ను నేలమీద పరిచి మొదటి ముడి మీద కాలి బొటనవేలు ఆనించారు. గట్టు మీంచి ఎవరో, "బయటోళ్లకి ట్యూషనా మాస్టారూ!" అన్నారు. ఆయన తల తిప్పలేదు.

"ఇక్కడ పాత పద్ధతే. ముట్టకుండా లోపలికొస్తే కూతగాడు అవుటు, వెంట వచ్చినవాళ్లూ అవుటు."

"తెలుసండి. పోయినేడు నేర్చుకున్నాం కదా" అని కుర్రాడు నవ్వాడు. "బోనస్ ఆరుగురు ఉంటేనేనా?"

"ఆరుగురు ఉంటేనే. అంతకు తగ్గితే లేదు."

మాస్టారు నన్ను మోచేతికి చుట్టడం మొదలుపెట్టారు. మా ఊరి కెప్టెన్ ఇంకా ఆ గీత వైపే చూస్తున్నాడు.

"అయితే సార్, పోయినేడు మనకి మూడు పాయింట్లు వచ్చింది అందుకా?"

మాస్టారు చుట్టడం ఆపారు. వాడి మొహం చూసి, నన్ను మళ్లీ నేలమీద పరిచారు.