ఎర్రర్ చదవరేంట్రా!

మొన్న మా ఆఫీసులో ఓ కుర్రాడి ఉబుంటు మెషీన్‌లో ఏదో డెవ్ ప్యాకేజీ ఎక్కనని మొండికేసింది. తెర మీద నాలుగు లైన్లున్నాయి. వాడు చివరిదైన 'హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అన్న ముక్క పట్టుకుని, దొరికిన కమాండల్లా తెచ్చి అతికించాడు. మధ్యాహ్నానికి "డాకర్‌లో పెట్టేద్దామా సార్, లేకపోతే ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

మా రోజుల్లో, 2000లో, రెడ్ హ్యాట్ 6.2 వాడేవాళ్లం. ఇంట్లో నెట్ లేదు. ఆర్‌పీఎం కొడితే 'ఫెయిల్డ్ డిపెండెన్సీస్' అని జాబితా వచ్చేది. అందులో చాలాసార్లు ప్యాకేజీ పేరు కూడా ఉండదు, లైబ్రరీ ఫైలు పేరుంటుంది. దాన్ని చుక్కలతో, అంకెలతో సహా నోటు పుస్తకంలో రాసుకుని సైకిలేసుకుని నెట్ సెంటర్‌కి పోవాలి. అది ఏ ప్యాకేజీలో ఉందో వెతికి, 1.44 ఎంబీ ఫ్లాపీలో ఎక్కించుకుని ఇంటికొస్తే, అది ఇంకో లైబ్రరీ అడిగేది. మళ్లీ సైకిలు. ఒక్కోసారి ఇదుంటేనే అదెక్కుతుంది, అదుంటేనే ఇదెక్కుతుంది. రెండింటినీ ఒకే కమాండులో ఇవ్వాలని తెలియడానికి నాకో ఆదివారమంతా పట్టింది. 'నోడెప్స్' పెట్టి బలవంతాన ఎక్కించొచ్చు. ఎక్కుతుంది, నడవదు. ఆర్‌పీఎం నోరు మూయిస్తే లేని లైబ్రరీ వచ్చిపడుతుందా?

ఆ తిప్పలు మళ్లీ రావాలని నేను కోరుకోను. 1999లో డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చింది, మన బదులు ఆ తిరుగుడంతా అదే తిరుగుతోంది. అంత చాకిరీ చేసిన మనిషి 'ఇదిగో, ఇక్కడ ఆగిపోయాను' అని చెబితే ఆ ఒక్క మాటా వినరే, అదీ నా బాధ!

మా కుర్రాడి తెర మీద అసలు సంగతి ఆ చివరి లైనుకి పైనే ఉంది. డెవ్ ప్యాకేజీ సరిగ్గా తన వెర్షన్ లైబ్రరీనే అడుగుతోంది, మెషీన్‌లో అంతకన్నా కొత్తది కూర్చుంది. 'ఆప్ట్ పాలసీ' పక్కన లైబ్రరీ పేరు కొట్టించాను. ఎప్పుడో వీడే కలిపి మరిచిపోయిన పీపీఏ నుంచి వచ్చిందని తేలింది. పీపీఏ తీసేసి, లైబ్రరీని ఉబుంటు వెర్షన్‌కి దించమన్నాను. తీసేయబోయే ప్యాకేజీల జాబితా వచ్చింది. వాడి వేలు అప్పుడే 'వై' మీదికి పోయింది.

ఆగమన్నాను. పైకి చదవమన్నాను. ఒక్కో పేరూ చదువుతూ మూడోదాని దగ్గర ఆగాడు.

"సార్, ఇది నాకు కావాలి."