ప్రిపోజిషన్ సారు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా ఏ ఊళ్ళో దిగినా బస్టాండు పక్క టీ అంగట్లో ఇలాంటి సారు ఒకాయన తగులుతాడు. రిటైరైన ఇంగ్లీషు టీచరు. జేబులో ఎర్ర పెన్ను, చంకలో అట్ట ఊడిన రెన్ అండ్ మార్టిన్. గ్రామరులో తక్కిన భాగాలంటే ఈయనకు మర్యాద మాత్రమే. ప్రాణమంతా టైముకు ముందొచ్చే ప్రిపోజిషన్ల మీదే. "బస్సు సిక్సుకొస్తుందా సార్?" అని అడిగి చూడండి. "ఎట్ సిక్స్" అని దిద్ది, ఎందుకో చెప్పి ముగించేసరికి ఆరింటి బస్సు ఊరు దాటి ఉంటుంది.

ఈ జాతిలో రెండు శాఖలున్నాయి. కర్నూలు శాఖవారు ఉగ్గాని బజ్జి తింటూ పాఠం మొదలుపెడతారు. "ఆన్ అక్టోబర్ ఫస్ట్, 1953, మన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యిందప్పా. తేదీ ఉంటే ఆన్, ఒట్టి సంవత్సరమైతే ఇన్." ఇంతవరకు హుషారుగానే ఉంటారు. 1956 నవంబరు ఒకటి దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోతుంది. "ఫ్రమ్ అని మొదలుపెడితే టు అని ముగించాల్సిందే. అదే మన ఖర్మ. ఫర్ త్రీ ఇయర్స్, అంతే." రాజధాని పోయినందుకు ఇంత వ్యాకరణబద్ధంగా ఏడ్చేవాళ్ళు ఇంకెక్కడా దొరకరు.

కడప శాఖవారికి బ్రౌన్ దొర ఉన్నాడు. "ఇన్ 1820 ఈ ఊరికొచ్చి, మన తెలుగు నేర్చి, ఇన్ 1840 దానికి వ్యాకరణం కూడా రాసినాడు. ఆయన మన విభక్తులన్నీ మింగినాడే, మనం ఆయన మూడు ముక్కలు మింగలేమా?" మూడు ముక్కలంటే ఇన్, ఆన్, ఎట్. ఊరంత కాలానికి ఇన్, వీధంత కాలానికి ఆన్, గడపంత కాలానికి ఎట్. ఇన్ జూన్, ఆన్ మండే, ఎట్ సిక్స్.

ఈ సూత్రంతో సారు ఏళ్ళ తరబడి నిశ్చింతగా బతికాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసే పిల్లోడొకడు ట్యూషన్లో చేరాక ఆ నిశ్చింత పోయింది.

"సార్, ఇన్ ది మార్నింగ్, ఇన్ ది ఈవెనింగ్ అంటిరి. రాత్రికి మాత్రం ఎట్ నైట్ అంటాండారే? రాత్రి గడపంతేనా సార్? నాకైతే పది ఊర్లంత పొడుగుంటాది."

సారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "ఇంగ్లీషోడు రాత్రిపూట నిద్రపోతాడబ్బీ. కన్ను మూసి తెరిచేలోపల అయిపోతాది. అందుకని ఎట్."

"మరి మేలుకోనుండేవాని సంగతి?"

"నడిరేయి దోమ కుట్టి లేస్తే ఇన్ ది నైట్ అనొచ్చు. ఒప్పుకుంటారు."

నిద్ర కథ అప్పటికప్పుడు పుట్టింది. దోమ మాట మాత్రం నిజమే.

సర్వీసులో ఉన్నప్పుడు లీవు లెటరంటే ఈయనకు పండగ. "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్" అని రాసుకొచ్చిన పిల్లోడు ఒణుకుతా నిలబడుంటే, "నువ్వు చెప్పేది జ్వరం మొదలా, పొడుగా? మొదలైతే సిన్స్ మండే. పొడుగైతే ఫర్ టూ డేస్. మన నుంచి రెండింటికీ సరిపోతాది, వాళ్ళది సరిపోదు" అని తిప్పి పంపేవాడు. పిల్లోడు దిద్దుకొని తెచ్చేసరికి ఫర్ త్రీ డేస్ అని రాయాల్సి వచ్చేది.

మొన్న పక్కింటాయన ఐదు వేలు చేబదులు అడిగాడు. కాగితం రాయమన్నాడు సారు. ఆయన "టిల్ ఉగాది" ఇస్తానని రాశాడు.

"టిల్ అంటే ఉగాది దాకా రోజూ ఇస్తానే ఉంటావా? బై అనాల. ఆలోపల ఎప్పుడైనా ఒకసారి."

బై ఉగాది అని దిద్దించుకున్నాకే డబ్బు చేతికిచ్చాడు. ఉగాది వచ్చింది, పచ్చడి తిన్నారు, వారం గడిచింది. సారు పోయి అడిగితే పక్కింటాయన ఆ కాగితమే చూపమన్నాడు.

"బై ఉగాది అని మీరే రాయిస్తిరి సార్. యే ఉగాదో రాయించకపోతిరి."

ఇంకొకరైతే కొట్లాటకు దిగేవారు. సారు ముఖం వెలిగిపోయింది. "కరెక్టే, వాక్యంలోనే లోపముండాది" అంటూ ఎర్ర పెన్ను తీసి బైకీ ఉగాదికీ మధ్యన నెక్స్ట్ అని ఇరికించాడు. నెక్స్ట్ వస్తే ఇన్, ఆన్, ఎట్ మూడూ తప్పుకోవాలని, బై మాత్రం కదలదని వివరించాడు. కింద ఆ రోజు తేదీ వేయించి, సంతకం చేయించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చూడు. ఇంగ ఎవుడూ తప్పు పట్టలేడు."

"అట్లే కానీండి సార్" అన్నాడు పక్కింటాయన, ఎంతో వినయంగా.