సౌండు బాబాయి

లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు మిషను చెడిపోతే పక్క షెడ్డు నుంచి అరువు తెచ్చుకోవచ్చు. సౌండు బాబాయి ఒక్కరోజు నాగా పెడితే మాత్రం పని సాగదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలోకి తిరిగినా ఈయన ఒకడుంటాడు. కనిపించేలోపే వినిపిస్తాడు. యాభై ఏళ్ళకి అటూ ఇటూ వయసు, చేసేది టింకరింగు, జీతం మేస్త్రిది, హోదా సంగీత శాఖ మంత్రిది. షెడ్డులో ఏ పాట మోగాలి, ఎంత మోగాలి, దేంట్లో మోగాలి అన్న విషయాల్లో ఓనరు మాట కూడా చెల్లదు.

ఈ జాతి నిన్న మొన్న పుట్టింది కాదు. ట్రాన్సిస్టరులో వివిధభారతి వినే రోజుల్లోనూ ఉంది. తర్వాత పాత లారీ బ్యాటరీకి కారు టేపురికార్డరు తగిలించి, స్పీకరుని మట్టికుండ మూతి మీద బోర్లించి బేసు పుట్టించిన ఘనత వీళ్ళదే. స్పీకరు వెనక నుంచి వచ్చే శబ్దం ముందు శబ్దాన్ని మింగెయ్యకుండా కుండ అడ్డం పడుతుందని వీళ్ళకి ఏ ఇంజనీరూ చెప్పలేదు. కుండ పగిలినప్పుడల్లా బేసు పోతోంది కాబట్టి తెలిసింది. ఇప్పుడు కుండ పోయి బ్లూటూత్ వచ్చింది. బాబాయి మారలేదు.

పాత స్పీకరు పోయిన రోజు షెడ్డులో సగం సంతాపం, సగం పోస్టుమార్టం. బాబాయి జాలీ ఊడదీసి చూపిస్తాడు. లోపల కోను మీద నల్లగా గ్రైండింగు రజను పేరుకుపోయి ఉంటుంది. స్పీకరు వెనకాల ఉండేది అయస్కాంతం, షెడ్డు గాల్లో ఎగిరేది ఇనుప పొడి. పెళ్ళికి పిలవక్కర్లేదు, అదే వచ్చి అతుక్కుంటుంది. పాటలో గరగర మొదలైంది అందుకే. దానికి తోడు, ఛార్జింగు పిన్ను మీద ఉండే రబ్బరు మూత మొదటి నెలలోనే ఎవరో పీకి పారేసుంటారు. ఎవరు పీకారన్నది ఇప్పటిదాకా ఏ షెడ్డులోనూ తేలలేదు.

అప్పుడు చందాలు. ఓనరు మొహమాటానికి కొంత, మిగతావాళ్ళు తలా కాస్త. డబ్బంతా చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఒక హెల్పర్ కుర్రాణ్ణి వెంటేసుకుని బాబాయి బీసెంట్ రోడ్డుకి బయల్దేరతాడు. చేతిలో ఒక గోనెసంచి.

షాపులో కుర్రాడు ఏసీ గదిలో, అద్దాల బీరువా పక్కన ఒక స్పీకరు మోగించి, "ఎలా ఉంది అంకుల్?" అంటాడు.

"ఏసీ గదిలో ఏదైనా బాలసుబ్రహ్మణ్యంలాగే పాడుతుంది బాబూ. మా షెడ్డులో పాడాలి" అని బాబాయి గోనెసంచి విప్పుతాడు. అందులో ఒక రేకు ముక్క, సుత్తి. "కానీరా" అనగానే హెల్పరు కుర్రాడు రేకు మీద దరువు మొదలెడతాడు. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు మెట్ల దాకా వెనక్కి వెళ్తారు. షాపు యజమాని కుర్చీలోంచి లేస్తాడు. బాబాయి మాత్రం కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వంచి, ఆ మోతలో పాట మాటలు తెలుస్తున్నాయా లేదా అని వింటుంటాడు.

నవ్వుతాం గానీ, ఇంతకంటే సరైన పరీక్ష నాకు తెలీదు. మోతలో ముందు మునిగిపోయేది బేసే. పైగా ఈ చిన్న స్పీకర్లలో చాలావాటికి వాల్యూమ్ పెంచేకొద్దీ లోపలి సర్క్యూటే బేసు తగ్గించేస్తుంది, లేకపోతే కోను చిరుగుతుంది. చివరికి మనకి దక్కేది గొంతు. గొంతు స్పష్టంగా పలికేదే షెడ్డుకి పనికొచ్చేది. ఇంట్లో సోఫా పక్కన గుండె అదిరించిన సరుకు సుత్తి దగ్గరకొచ్చేసరికి నోరు విప్పదు.

ఇంత తెలివైన మనిషీ బోల్తాపడే చోటు ఒకటుంది. "వాట్స్ ఎన్ని?" అని అడుగుతాడు. కుర్రాడు "నలభై" అంటే మొహం చిట్లిస్తాడు. పక్కనున్న ఊరూపేరూ లేని డబ్బా మీద "1000 వాట్స్ పీఎంపీవో" అని అచ్చేసుంటే కళ్ళు మెరుస్తాయి. ఆ పీఎంపీవో అన్నదానికి ఒక లెక్కా పత్రం ఉండదు, అచ్చేసినవాడి ధైర్యాన్ని బట్టి ఉంటుంది. నిజం వాట్స్ కూడా బాబాయి అనుకున్నట్టు పనిచెయ్యవు. 20 నుంచి 40కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పదింతల వాట్స్ కావాలి. ఇది చెబితే, "అంటే మిగతా ఎనిమిదింతలు ఎవడు తింటున్నాడు?" అంటాడు. ఆయన లోకంలో లెక్క తేడా వస్తే మధ్యలో ఎవడో ఒకడు తిన్నట్టే.

నీళ్ళ పరీక్ష కూడా ఉంది. డబ్బా మీద ఐపీఎక్స్7 అని చూసి, బకెట్టు తెప్పించమంటాడు. ఆ 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా ఫరవాలేదని. నిజమే. కానీ మన షెడ్డులో వరదలేం రావు, వచ్చేది దుమ్ము. ఎక్స్ ఉన్నచోట దుమ్ము సంగతి ఏమీ చెప్పలేదని అర్థం. ఐపీ67 అని 6 కూడా ఉంటేనే లోపలికి దుమ్ము దూరదని భరోసా. బాబాయికి బకెట్టులో ముంచడం వేడుక గనక ఎక్స్ మీద ధ్యాస ఉండదు.

కొన్నాక షెడ్డులో ప్రతిష్ఠ. నిమ్మకాయ, కర్పూరం, ఆ తర్వాత బైండింగు వైరుతో ఎత్తుగా స్తంభానికి కట్టుడు. డబ్బా మీద రాసిన బ్యాటరీ గంటలు వాల్యూమ్ తగ్గించి పెట్టినప్పటి మాట. బాబాయి ఫుల్లులో పెడతాడు కాబట్టి మధ్యాహ్నం టీ వేళకి కూత ఆపేస్తుంది. దాంతో ఎక్కడికైనా మోసుకెళ్ళే స్పీకరు జీవితాంతం ఎక్స్‌టెన్షన్ వైరుకి కట్టుబడిపోతుంది. ఫోను జేబులో పెట్టుకుని బాబాయి రేకుల క్యాబిన్‌లోకి దూరితే చాలు, ఇనుము బ్లూటూత్‌ని అడ్డుకుని పాట నత్తిపెడుతుంది. అన్నిటికంటే ఘోరం, మధ్యలో ఫోను రావడం. బాబాయిగారి భార్య, "చిట్టీ డబ్బులు కట్టానని అబద్ధం చెప్పావు కదూ" అని అడగడం పక్క మూడు షెడ్లూ వింటాయి. స్పీకరు క్లారిటీ గురించి ఎవరికీ అనుమానం మిగలదు.

ఇంతా చేసి గ్రైండరు వేసినప్పుడు పాట వినపడదు. గ్రైండరు మోత 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం 90లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, 100లో రెండు గంటలే. దాన్ని మించి స్పీకరు అరిస్తే పాట గెలవొచ్చేమో గానీ చెవులు ఓడిపోతాయి. దూరం రెట్టింపైతే ఆరుబయట 6 డెసిబెల్స్ పోతాయి గనక, స్తంభానికి ఒక పెద్దది కట్టేకంటే మనుషుల దగ్గర రెండు చిన్నవి పెట్టుకోవడం మేలు. గ్రైండరు ఆడుతున్నంతసేపూ పాట ఆపేయడం ఇంకా మేలు.

మీరు షెడ్డుకి స్పీకరు కొనదలిస్తే బాబాయిని తప్పకుండా తీసుకెళ్ళండి, సుత్తి ఆయన తెస్తాడు. డబ్బా మీది అంకెలు మాత్రం మీరు చదవండి. వచ్చేటప్పుడు గ్రైండరు పట్టే కుర్రాడికి చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కూడా కొనండి, చిల్లర డబ్బులకి వస్తాయి. బాబాయికి చెప్పకుండా కొనండి. చెబితే, "చెవులు మూసుకునేదానికి మరి స్పీకరెందుకురా?" అని చందా మొత్తం వెనక్కి అడుగుతాడు.