గోడకు జేబులు

తెనాలిలోనో రేపల్లెలోనో పాత ఇల్లు కొన్నారనుకోండి. గోడ కొట్టిస్తుంటే నోట్ల కట్టలు రాలాయి! ఇల్లు నాది, గోడ నాది, గోడలోదీ నాదే అంటారా? పాత ఇంటాయనదని తెలిసీ నొక్కేస్తే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కాచుకునుంది: ఆరు నెలలకు తగ్గని జైలు, రెండేళ్ల దాకా. మట్టిలోనో గోడలోనో దాచింది పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం. ఆ పదికి ఇప్పుడు టీ కూడా కష్టమే! రేపల్లె వారిది మరీ చోద్యం. గుంటూరు జిల్లాలో దాచింది 2022 ఏప్రిల్ 4 తర్వాత బాపట్ల జిల్లాలో దొరుకుతుంది.

పోనీ, అవి 2016 నవంబర్ 8న చచ్చిన వెయ్యి నోట్లయితే? పదికి మించి దాచుకుంటే పదివేలో, ముఖవిలువకు ఐదింతలో, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా. చచ్చినా వదలవు.

ఇంతకీ అమ్మినాయన ‘అది నాదే’ అంటూ వస్తాడా? వస్తే ఇన్‌కంట్యాక్స్ వారికి లెక్క చెప్పాలి. లెక్క మొదలైతే దస్తావేజుకెక్కని సొమ్ము దాకా పోతుంది. రిజిస్ట్రేషన్ ముందురోజు రాత్రి ఆ సంచి మోసుకెళ్లి ఇచ్చింది ఎవరండీ, మీరు కాదూ?